మిగిలిన టేపులు పాలమూరుకు, నల్లగొండకు తిరిగి రావాలి

పన్నెండు మెట్ల కిన్నెర గురించి కొత్తగా చెప్పనక్కర్లేదు. 2021లో ఒక పెద్ద సినిమా పాట మొదట్లో ఆ వాయిద్యం వాయించే దర్శనం మొగులయ్య గొంతు వినిపించింది, 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆ తర్వాత మన ఊళ్లకు కెమెరాలు వస్తూనే ఉన్నాయి. ఒగ్గు కథ రాత్రంతా సాగుతుంది, తెరమీదికి ఎక్కేది మూడు నిమిషాలు. మిగతా రికార్డింగ్ అంతా ఎవరి బీరువాలోనో పడి ఉంటుంది. కథకుడు ఆగి శ్రుతి సరిచూసుకోవడం, వంతపాడేవాళ్లు అందుకునే తీరు, ఊళ్ల పేర్లు, ఇంటిపేర్లు ఎడిటింగ్‌లో ముందుగా ఎగిరిపోతాయి. కళ నేర్చుకునే పిల్లలకు పనికొచ్చేవి అవే.

ఇందులో చట్టం కళాకారుడి పక్షానే ఉంది. కాపీరైట్ చట్టం 38వ సెక్షన్ ప్రదర్శకుడి హక్కును 50 ఏళ్లు కాపాడుతుంది. 2012 సవరణతో వచ్చిన 38ఏ ప్రకారం, తన ప్రదర్శనను సినిమాలో వాడుకోవచ్చని రాసిచ్చిన కళాకారుడు నిర్మాతకు అడ్డు చెప్పలేనిది ‘అదే సినిమా’ విషయంలోనే. కత్తిరించి పక్కన పెట్టిన రికార్డింగ్ ఆ సినిమాలో లేదు కదా! అందుకే సంతకానికి ముందు ‘అన్ని మాధ్యమాల్లో, శాశ్వతంగా’ అన్న మాట కొట్టేయించాలి. ‘వాడని రికార్డింగ్ నకలు ఆరు నెలల్లో ఇవ్వాలి’ అని రాయించాలి.

తప్పులున్న టేకులు బయటపడితే కళాకారుడికే చెడ్డపేరు, దాచడం ఖర్చు అని నిర్మాతలంటారు. బయటపెట్టాలా వద్దా అన్నది పాడినవాళ్లు తేల్చుకుంటారు. ఖర్చంటారా, ఒక టెరాబైట్ డిస్కులో 70కి పైగా గంట టేపులు పడతాయి.

ఆలస్యం చేస్తేనే నష్టం. నల్లగొండ జిల్లా మర్రిగూడ ఫ్లోరైడ్ గోసనూ పాలమూరు వలసలనూ 2000 తర్వాత తీసిన చిన్న యూనిట్లకు మినీ డీవీ అనే చిన్న డిజిటల్ వీడియో క్యాసెట్టే దిక్కు. గంట టేపు కంప్యూటర్లోకి దించితే 13 జీబీ. దానికి ఆ కెమెరా తీగ పెట్టే ఫైర్‌వైర్ పోర్టున్న పాత కంప్యూటర్ కావాలి. ముందు టేపును చివరిదాకా తిప్పి వెనక్కి తేవాలి, టేపును చదివే హెడ్ శుభ్రం చేయాలి, లేకుంటే బొమ్మ గడులు గడులుగా చెదురుతుంది. ఒక టేపులో ఎక్కువసేపు పట్టేలా ఎల్‌పీ మోడ్‌లో తీసింది వేరే కెమెరాలో తరచూ మొరాయిస్తుంది, తీసిన కెమెరానే వెతకాలి. టేపులో ఉన్నట్టే డీవీ ఫైలుగా దాచాలి, కుదించిన ఎంపీ4 చూసుకోవడానికే. టేపుమీద ఊరు, పాడినవాళ్లు, తేదీ రాయకపోతే పదేళ్లకు అది ఎవరి గొంతో చెప్పేవాళ్లుండరు.

మన కూలీలు వలసపోయారు, మన కథలూ హైదరాబాద్ బీరువాల పాలయ్యాయి. మహబూబ్‌నగర్‌లో పాలమూరు యూనివర్సిటీ, నల్లగొండలో మహాత్మాగాంధీ యూనివర్సిటీ ఉన్నాయి. చెరో గది, టేపు ఆడించే ఒక డెక్, వేర్వేరు చోట్ల ఉంచే రెండు డిస్కులు చాలు. షూటింగ్ అనుమతి కాగితంలోనే అక్కడ నకలు జమచేయాలన్న షరతు ప్రభుత్వం పెట్టాలి.