ఆలన్ రిక్‌మన్ నటుడైంది 42 ఏళ్లకు కాదు

హ్యారీ పాటర్ సినిమాల్లో స్నేప్‌గా చేసిన ఆలన్ రిక్‌మన్ మీద ఒక పోస్టు తెగ తిరుగుతోంది. 42 ఏళ్ల దాకా ఏదో డిజైన్ ఉద్యోగం చేసుకునేవాడట, ఒక్క సినిమాతో రాత్రికి రాత్రి స్టార్ అయిపోయాడట, ఆ గొంతు పుట్టుకతో వచ్చిన వరమట, అంతటివాడికి ఒక్క అవార్డూ ఇవ్వలేదట. కాబట్టి మీరూ కంగారు పడకండి, మీ టైమ్ వస్తుంది అని చివర్లో ఓ దండం బొమ్మ!

మొదటి సినిమా 'డై హార్డ్' అన్నది, అది 1988లో వచ్చేసరికి ఆయనకు 42 అన్నది నిజం. అక్కడితో సరి.

డిజైనరే, కాదనను. కానీ ఆ పని వదిలేసి లండన్‌లో రాడా అనే నటనా కళాశాలలో చేరింది 26 ఏళ్లకు, 1972లో. అక్కడ చదువుకుంటూ ఖర్చుల కోసం నైజెల్ హాథోర్న్, రాల్ఫ్ రిచర్డ్‌సన్ లాంటి నటుల దగ్గర డ్రెస్సర్‌గా పనిచేశాడు, అంటే నాటకం ఆడేవాళ్లకు బట్టలు అందించే పని. తర్వాత ఏళ్ల తరబడి స్టేజీ. 1982లో బీబీసీ సీరియల్లో పైకి వినయం, లోపల విషం నింపుకున్న చర్చి గురువు స్లోప్‌గా చేశాడు. అది చూస్తే 'డై హార్డ్' విలన్ ఎక్కణ్ణుంచి వచ్చాడో తెలిసిపోతుంది. 1985లో రాయల్ షేక్‌స్పియర్ కంపెనీ నాటకంలో వాల్మోంట్ అనే పాత్ర, అదే నాటకం 1987లో న్యూయార్క్ నాటకాల కేంద్రమైన బ్రాడ్‌వేకి వెళ్తే, అక్కడి పెద్ద నాటక అవార్డు టోనీకి నామినేషన్. హాలీవుడ్ కంట్లో పడింది ఆ నాటకంతోనే. ఇదంతా ఒక్క రాత్రా?

'డై హార్డ్' సంగతే చూడండి. కొత్తవాడైతే ఇచ్చిన డ్రెస్సు వేసుకుని నోరు మూసుకునేవాడు. ఈయన మాత్రం, నాకు టెర్రరిస్టు బట్టలొద్దు, సూటు వేస్తే ఎక్కడో ఒక చోట అమెరికన్ యాసలో మాట్లాడి బందీనని హీరోని నమ్మించొచ్చు కదా అని నిర్మాత జోయెల్ సిల్వర్‌కి చీటీ రాసిపెట్టాడు. చెప్పింది వేసుకో అన్నారట ముందు. తర్వాత వచ్చిన స్క్రిప్టులో సూటూ ఉంది, ఆ సీనూ ఉంది. ఈ సంగతి ఆయనే చెప్పాడు. సినిమాలో ఎంతమందికి గుర్తుండిపోయిన సీనో చెప్పక్కర్లేదు.

ఇక గొంతు. అంగిలి సరిగ్గా కదలడం లేదని వాయిస్ టీచరే అన్నారని ఆయన చెప్పుకున్నాడు. వరమో కాదో గానీ, సాధన లేకుండా మాత్రం రాలేదు.

అవార్డులా? 'రాబిన్ హుడ్' సినిమాకి బ్రిటన్ వాళ్ల బాఫ్టా, 'రస్పూటిన్' అనే టీవీ సినిమాకి అమెరికా వాళ్ల ఎమ్మీ, గోల్డెన్ గ్లోబ్. ఆస్కార్‌కి ఒక్కసారి కూడా నామినేట్ చేయలేదు, నిజమే, ఆ కోపం నాకూ ఉంది. అంతమాత్రాన మిగతావి లేవంటే ఎలా? షేర్ చేసేముందు వికీపీడియా తెరిచినా సరిపోయేది.