పెప్సీ ఐసు గొట్టంపై విచారణ జరపాలి

చిన్నప్పుడు బడి గేటు దగ్గర సన్నటి ప్లాస్టిక్ గొట్టంలో గడ్డకట్టిన రంగునీళ్లు అమ్మేవారు. కొస పంటితో కొరికి జుర్రుకునేవాళ్లం. ఆ గొట్టం వ్యవసాయ రంగానికి ఇంత ముప్పు తెస్తుందని అప్పుడెవరికి తెలుసు?

మధ్యప్రదేశ్‌లో మైకాల్ ప్రాంతపు పత్తి రైతుల నిర్వాకం చూడండి. బావులు అడుగంటాయి. మొక్క మొదట్లో చుక్కచుక్కగా నీళ్లు వదిలే డ్రిప్ పైపులు వేద్దామంటే ధర చూసి కళ్లు తిరిగాయి. బుద్ధిమంతులైతే ప్రభుత్వ రాయితీకి దరఖాస్తు పెట్టుకుని మొగులు వైపు చూస్తూ కూర్చుంటారు. వీళ్లేమో ఐసు గొట్టం చుట్టలు కొనుక్కొచ్చి, సాళ్ల వెంట పరిచి, మొక్క దగ్గరల్లా చిల్లి పెట్టి నీళ్లు వదిలారు. మొక్కలు సిగ్గు లేకుండా బతికాయి. ఆ ఏర్పాటుకు 'పెప్సీ' అని పేరు కూడా పెట్టేసుకున్నారు. చివరికి పరిశోధకులే పొలాలకు వెళ్లి చూసి, 2004లో దాని మీద పత్రం రాసుకోవాల్సి వచ్చింది. ఎంత తలవంపులు!

ఆ గొట్టం మీద డ్రిప్ పైపులకు భారతీయ ప్రమాణాల సంస్థ ఇచ్చే ఐఎస్ 12786 ముద్ర ఉందా? లేదు. ముద్ర లేనిదే రాయితీ రాదు. ఒక పంటకాలం గడిస్తే చిరుగులు పడుతుందట కూడా. మా అనంతపురం ఉడతలు ముద్ర ఉన్న డ్రిప్ పైపునూ కొరుకుతాయనుకోండి, పాపం వాటికి చదువు రాదు. కానీ ఖరీదైన పైపు పాడైతే ఆ నష్టానికి ఒక హోదా ఉంటుంది.

పన్ను సంగతి మరీ ఘోరం. డ్రిప్ సామాను మీద 2018 నుంచి 2025 సెప్టెంబరు దాకా జీఎస్టీ 12 శాతం, ఇప్పుడు 5. ఒక చేత్తో రాయితీ, మరో చేత్తో పన్ను. ప్రభుత్వం రెండు చేతులా కష్టపడుతుంటే, బడిపిల్లల గొట్టంతో పని కానిచ్చేస్తారా?

నీటి ఆదా అంటారా? మా వైపు ఒకాయన డ్రిప్ వేసి సగం నీళ్లు మిగిల్చాడు. మిగిలిన నీళ్లకు ఇంకో రెండెకరాలు చీనీ చెట్లు పెట్టాడు. బోరు ఎండింది. ఇప్పుడు పూర్తిగా ఆదా.

కాబట్టి వెంటనే కమిటీ వేయాలి. తొలి సమావేశం మే నెలలో, ఏసీ గదిలో. సభ్యులకు తలా ఒక పెప్సీ ఐసు ఇవ్వచ్చు. ఖాళీ గొట్టాలు మాత్రం లెక్కపెట్టి వెనక్కి తీసుకోవాలి. బయట రైతులు తిరుగుతుంటారు.