‘కాదు’ అనడం ఏ సెమిస్టర్‌లో నేర్పుతున్నాం?

2008 డిసెంబర్ 16న సత్యం కంప్యూటర్స్ బోర్డు ముందుకు ఒక ప్రతిపాదన వచ్చింది. ఛైర్మన్ రామలింగరాజు కుటుంబానికి సంబంధించిన రెండు మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొనాలన్నది దాని సారాంశం. సాఫ్ట్‌వేర్ వ్యాపారంలో వచ్చిన సొమ్ముతో ఛైర్మన్ ఇంటివాళ్ల రియల్ ఎస్టేట్, నిర్మాణ కంపెనీలను కొనడమేమిటని నిలదీయగలిగిన వాళ్లకు ఆ బోర్డులో కొదవ లేదు. హార్వర్డ్ బిజినెస్ స్కూల్ ప్రొఫెసర్, ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ (ఐఎస్‌బీ) డీన్, ఐఐటీ ఢిల్లీ మాజీ డైరెక్టర్, కేంద్ర కేబినెట్ మాజీ కార్యదర్శి అందులో సభ్యులు. ప్రతిపాదన ఏకగ్రీవంగా నెగ్గింది. ఇన్వెస్టర్లు భగ్గుమన్నాకే, కొన్ని గంటల్లో, దాన్ని వెనక్కి తీసుకున్నారు. మూడు వారాలు దాటగానే, 2009 జనవరి 7న, రామలింగరాజు ఉత్తరం బయటికొచ్చింది. పుస్తకాల్లో చూపిన 5,361 కోట్ల రూపాయల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేవని ఆయనే రాశారు.

మన ఎంబీఏ కాలేజీల్లో నైతికత పాఠం ఎలా ఉండాలన్న చర్చను ఈ బోర్డు గది నుంచే మొదలుపెట్టాలని నా అభిప్రాయం. ఎందుకంటే అక్కడ కూర్చున్నవారికి తెలియక జరిగింది కాదు అది. కార్పొరేట్ గవర్నెన్స్ గురించి ఇతరులకు బోధించగల స్థాయి వారిది. ఏది తప్పో తెలిసిన మనిషి కూడా, తెలిసిన ముఖాల మధ్య, అందరూ తలూపుతున్న వేళ, ‘ఇది కుదరదు’ అని నోరు విప్పలేకపోవచ్చు. మన సిలబస్ తెలియజెప్పడంతోనే ఆగిపోతోంది. నోరు విప్పడం ఎవరూ నేర్పడం లేదు.

హైదరాబాద్‌లో జరిగిన ఈ కేసును మన విద్యార్థులు చదవరా అంటే, చదువుతారు. పులి మీద సవారీ చేస్తున్నట్లుందన్న ఆ ఉత్తరంలోని మాట కంఠతా వచ్చినవాళ్లూ ఉన్నారు. స్వతంత్ర డైరెక్టర్ల వైఫల్యం, ఆడిట్ లోపం, షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ చర్యలు, 2013 కంపెనీల చట్టం అంటూ పది మార్కుల జవాబు రాసేస్తారు. పాఠమంతా ఛైర్మన్ కుర్చీ చుట్టూ తిరుగుతుంది. కానీ ఆ తరగతిలో కూర్చున్న ఇరవై మూడేళ్ల కుర్రవాడు రేపు ఛైర్మన్ కాడు. అకౌంట్స్ విభాగంలో, ఆడిట్ సంస్థలో, బ్యాంకు శాఖలో, అప్పుల వసూళ్లలో చిన్న ఉద్యోగిగా చేరతాడు. అతనికి కావలసింది అదే కేసును కింది నుంచి చూపించే పాఠం.

కింది నుంచి చూస్తే అది వేరే కథ. కంపెనీ ఇన్‌వాయిస్ వ్యవస్థలో ఏడున్నర వేలకు పైగా నకిలీ బిల్లులు చేరాయని దర్యాప్తులో తేలింది. ఆ బిల్లులు అమ్మకాల విభాగాల వాళ్లకు కనబడకుండా, ఆదాయం లెక్కలోకి మాత్రం వచ్చేలా, వ్యవస్థలోనే వాటికి దాచిపెట్టే గుర్తు తగిలించారు. ఏడున్నర వేల బిల్లులను ఛైర్మన్ ఒక్కడే కూర్చుని టైపు చేయలేదు కదా! ప్రతి బిల్లు వెనుకా ఒక కీబోర్డు ఉంది, ఒక లాగిన్ ఉంది, ‘పైవాళ్లు చెప్పారు’ అని సర్దిచెప్పుకున్న ఒక మనసు ఉంది. 2015 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లోని ప్రత్యేక కోర్టు పది మందిని దోషులుగా తేల్చి ఏడేళ్ల జైలు శిక్ష వేసింది. వారిలో రామలింగరాజు, ఆయన సోదరులతో పాటు ఫైనాన్స్ విభాగపు అసిస్టెంట్ మేనేజర్ కూడా ఉన్నారు. తర్వాత అప్పీలులో వారికి బెయిల్ దొరికింది. నేను విద్యార్థులకు ముందు చెప్పాలనుకునేది ఆ అసిస్టెంట్ మేనేజర్ హోదా గురించే. ఎంబీఏ పూర్తయిన నాలుగైదేళ్లకు చాలామంది చేరుకునే కుర్చీ అది.

ఆడిట్ వైపు చూస్తే ఇంకా చిన్న కాగితం కనిపిస్తుంది. కంపెనీకి ఏ బ్యాంకులో ఎంత డబ్బుందో ఆడిటర్ నేరుగా బ్యాంకుకు రాసి, జవాబు నేరుగా తనకే వచ్చేలా చూసుకోవాలి. దాన్ని బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ అంటారు. సీఏ శిక్షణలో భాగంగా కొత్తగా చేరిన ఆర్టికల్ విద్యార్థికి అప్పగించే పని అది. ఆ లేఖలను పంపించే బాధ్యతను ఆడిట్ బృందాలు సత్యం యాజమాన్యానికే వదిలేశాయని అమెరికా సెక్యూరిటీస్ అండ్ ఎక్స్చేంజ్ కమిషన్ 2011లో తేల్చి, సత్యం ఆడిటర్లయిన ప్రైస్ వాటర్‌హౌస్ భారత సంస్థలపై 60 లక్షల డాలర్ల జరిమానా వేసింది. వేల కోట్ల మోసం ఒక కవరును ఎవరు పోస్టు చేస్తారన్న చోట దొరికిపోయి ఉండేది. ‘మీరెందుకు శ్రమ పడతారు, మేమే పంపిస్తాం’ అని క్లయింటు మర్యాదగా అన్నప్పుడు, అంతే మర్యాదగా ‘లేదండీ, మేమే పంపాలి’ అనడం ఒక నైపుణ్యం. దానికి సాధన కావాలి.

మంచి ఉద్దేశం ఉంటే చాలదని చూపించే ప్రయోగం ఒకటి అమెరికాలో 1973లో వెలువడింది. ప్రిన్స్‌టన్‌లో మతబోధకులు కాబోతున్న విద్యార్థులను ప్రసంగం కోసం పక్క భవనానికి పంపారు. దారిలో ఒక మనిషి మూలుగుతూ పడి ఉంటాడు. తీరిక ఉన్నవారిలో 63 శాతం ఆగారు. ‘ఆలస్యమైంది, త్వరగా వెళ్లు’ అని తొందరపెట్టినవారిలో 10 శాతమే ఆగారు. వారిలో కొందరు ఇవ్వబోయే ప్రసంగం, దారిన పడి ఉన్నవాడిని ఆదుకున్న బైబిల్ సమరయుడి కథ గురించే. అదేమీ పెద్ద తేడా తేలేదు. మార్చి 31 రాత్రి టార్గెట్ కోసం పరుగెత్తే ఉద్యోగి పరిస్థితీ ఇదే. నీతి గురించి తత్వవేత్తలు కాంట్ ఏమన్నాడు, మిల్ ఏమన్నాడు అన్నది అప్పుడు గుర్తుకు రాదు. ముందే ఊహించుకుని, పలికి చూసుకున్న మాటలైతే నోటికొస్తాయి.

టార్గెట్ల ఒత్తిడి ఎక్కడిదాకా తీసుకెళ్తుందో తెలుగు పల్లెలకు ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు. 2010లో సూక్ష్మరుణ సంస్థల వసూళ్లు ఎంత దూరం వెళ్లాయంటే, అక్టోబర్‌లో అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి, ఇంటి మీదికి వెళ్లి వసూలు చేయడాన్ని నిషేధించాల్సి వచ్చింది. అదే ఏడాది అతిపెద్ద సంస్థ ఎస్‌కేఎస్ షేర్ మార్కెట్‌కు వెళ్లి, ఇన్వెస్టర్ల చేత క్యూ కట్టించింది. పైన వృద్ధి రేటు, కింద వారం వారం వాయిదా. ఈ రెంటి మధ్య నలిగింది అప్పు తీసుకున్న ఆడవాళ్లు, వారి తర్వాత వసూలుకు వెళ్లే కుర్రవాళ్లు. ఎన్నవ అప్పు ఇస్తే ఆమె మునిగిపోతుందో ఆ కుర్రవాడికి తెలుసు. కానీ ఆ సంగతిని పై అధికారికి ఏ రూపంలో, ఏ అంకెలతో చెబితే వింటాడో అతనికి ఎవరూ నేర్పలేదు.

ఇక అందరికీ తెలిసినా ఎవరూ గట్టిగా మాట్లాడని విషయానికి వస్తాను. ఎంబీఏ చివరి ఏడాది ప్రాజెక్టు రిపోర్టు. డబ్బిస్తే దాన్ని తయారుచేసి, బైండింగ్‌తో సహా చేతికిచ్చే దుకాణాలున్నాయి. గుమ్మం తొక్కని కంపెనీ నుంచి ఇంటర్న్‌షిప్ పూర్తిచేసినట్లు లెటర్ వస్తుంది. రిపోర్టు రెండో పేజీలో ‘ఇది నేను స్వయంగా చేసిన పని’ అన్న డిక్లరేషన్ కింద విద్యార్థి సంతకం పెడతాడు. మరో పేజీలో గైడ్ సంతకం, ఆ కింద విభాగాధిపతి సంతకం. వైవాలో ఎవరూ ఏమీ అడగరు. ఆ విద్యార్థి జీవితంలో తెలిసి పెట్టిన మొదటి దొంగ సంతకం అదే కావచ్చు. అదీ పెద్దల సమక్షంలో, వారి సంతకాల తోడుతో! అదే సెమిస్టర్‌లో బిజినెస్ ఎథిక్స్ పేపరు రాసి ఎనభై మార్కులు తెచ్చుకుంటాడు. అతను నేర్చుకున్నది ఏ పాఠమంటారు?

ఈ తప్పును విద్యార్థి మీదికే నెట్టడం నాకు ఇష్టం లేదు. అతను చదువు కోసం అప్పు చేశాడు. ప్లేస్‌మెంట్ వస్తే చాలనుకునే ఇల్లు అతని వెనుక ఉంది. పనిచేసే చోటు దొరకక, గైడ్‌కు తీరిక లేక అతను దుకాణానికి వెళ్లి ఉండొచ్చు. కాలేజీ పెద్దలు తమ సంతకానికి ముందు అరగంట కూర్చుని నాలుగు ప్రశ్నలు అడిగితే ఈ వ్యాపారం సగానికి సగం పడిపోతుంది. అందుకు కొత్త సిలబస్ అక్కర్లేదు, కొత్త బడ్జెట్ అంతకన్నా అక్కర్లేదు.

ఇరవై మూడేళ్లకు విలువలు గట్టిపడిపోయి ఉంటాయని, ఇక కాలేజీ చేసేదేముందని వాదించేవారున్నారు. విలువలు మార్చాలన్నది నా కోరికే కాదు. చాలామంది పిల్లలకు అబద్ధం రాయడం ఇష్టం ఉండదు. ఇష్టం లేని పని చేయకుండా ఉండే దారి తెలియకే చేస్తారు. అమెరికన్ అధ్యాపకురాలు మేరీ జెంటిలే రూపొందించిన పద్ధతి ఇక్కడే మొదలవుతుంది. ఏది సరైనదన్న చర్చను పక్కనబెట్టి, సరైనదేదో నీకు తెలుసనుకో, దాన్ని ఎవరితో, ఎప్పుడు, ఏ మాటలతో చెబుతావు, వాళ్లు ఏ సాకు చెబుతారు, దానికి నీ జవాబేమిటి అని విద్యార్థుల చేత పలికించి చూస్తారు. ‘అందరూ చేస్తున్నదే’, ‘ఈ ఒక్క క్వార్టరే’, ‘నీకెందుకు, నా బాధ్యత’ అనే మూడు సాకులకూ జవాబులు సాధన చేయించమనండి చాలు. రామలింగరాజు ఉత్తరంలో కూడా మొదట చిన్న తేడాగానే మొదలైందని ఉంది కదా.

సత్యం బోర్డు సభ్యుడొకరికి 2008 డిసెంబర్ 18న ఒక ఇ-మెయిల్ వచ్చింది. పేరు మారుపేరే. కంపెనీ దగ్గర చూపినంత డబ్బు లేదని, బ్యాంకులను అడిగితే తేలిపోతుందని అందులో సమాచారం ఉంది. ఎవరో ఒకరికి చెప్పాలనిపించింది. కానీ అప్పటికి ఏళ్లు గడిచిపోయాయి, తన పేరుతో చెప్పే ధైర్యం కూడా ఆ సంస్థలో మిగల్లేదు. లిస్టెడ్ కంపెనీల్లో ఫిర్యాదుదారుకు రక్షణ ఉండే విధానం తప్పనిసరి అని 2013 చట్టం చెప్పింది. ఆ విధానం కింద ఫిర్యాదు ఎలా రాయాలో, ఏ ఆధారాలు జతచేయాలో, ఏవి ఇంటికి తీసుకెళ్లకూడదో మన ఎంబీఏ విద్యార్థులతో ఒక్కసారైనా రాయించే కాలేజీలు ఎన్ని?

పరీక్షలో ఈ ప్రశ్న ఇస్తే బాగుంటుంది: ‘ఈ రోజు మార్చి 30. ఏప్రిల్‌లో జరగాల్సిన సరఫరాకు ఈ నెల తేదీతోనే బిల్లు చేయమని మీ మేనేజర్ ఫోన్‌లో చెప్పారు. చదువు కోసం తెచ్చిన అప్పు ఇంకా తీరలేదు. ఆయనకు మీరు పంపే ఇ-మెయిల్ రాయండి.’ ‘రాజీనామా చేస్తాను’ అని ఒక్క ముక్కలో తేల్చేసిన జవాబుకు నేనైతే సగం మార్కులే వేస్తాను. ఫోన్‌లో చెప్పిన మాటను ఇ-మెయిల్‌లో నమోదు చేసి, ఆ బిల్లు ఏ నిబంధన ప్రకారం ఈ ఏడాది లెక్కలోకి రాదో చెప్పి, టార్గెట్ తగ్గితే దాన్ని పైవాళ్లకు వివరించే నోట్ తానే తయారుచేసి ఇస్తానని రాసిన విద్యార్థికి పూర్తి మార్కులు.