అది లీకేజీ కాదట, సీపేజీయట!

కారు కింద నూనె కారడంలో రెండు రకాలున్నాయని, అందులో ఒకటి అసలు కారడమే కాదని ఇంత వయసు వచ్చేదాకా నాకు తెలియకపోవడం నా చదువులోని లోపమే. నెల్లూరులోని ఒక సర్వీసు సెంటరువారు ఆ లోపాన్ని దయతో పూరించారు.

ధనుర్మాసంలో ఒక తెల్లవారుజామున, నేను కారు పక్కకు తీశాక మా ఆవిడ వాకిట్లో కళ్లాపి చల్లితే, ఆ నీళ్ల మీద రూపాయి బిళ్లలంత ఎర్రటి మరకలు మూడు తేలాయి. "ముగ్గుకు చుక్కలు మీ కారే పెట్టేసిందండీ, గీతలు నన్ను గీయమంటారా?" అని ఆవిడ అడిగింది. ఇంజను ఆయిలైతే నల్లబడి ఉంటుంది, ఏసీ నీళ్లకు రంగే ఉండదు. ఎర్రగా, పలుచగా వేలికంటితే అది ఆటోమేటిక్ గేరుబాక్సు ఆయిలని ఆటోనగరులో పానాలందించే కుర్రవాడు కూడా చెబుతాడు.

సర్వీసు అడ్వైజరు మాత్రం బండిని లిఫ్టెక్కించి, యాక్సిల్ గేరుబాక్సులోకి చేరే చోట గుడ్డతో తుడిచి, "ఇది లీకేజీ కాదు సార్, సీపేజీ. అంటే ఊరికే చెమ్మ ఊరడం. నార్మలే" అన్నారు. కింద పడుతోంది కదా అంటే, పడుతుంది గానీ సీపేజీయేనన్నారు. ఎంత పడితే లీకేజీ అంటారని అడిగితే మేనేజరును పిలిచారు. ఆయన తలపైకెత్తి తత్త్వవిచారం చేస్తుండగా ఒక చుక్క ఆయన తెల్లచొక్కా జేబు మీద పడింది. ఆయన దాన్ని రుమాలుతో అద్ది, ఇంకో వెయ్యి కిలోమీటర్లు అబ్జర్వేషన్లో పెడదామన్నారు (చొక్కానో, కారునో చెప్పలేదు). లెవెలైనా చూడమంటే, దీనికి డిప్‌స్టిక్ (ఆయిలు ఎంతుందో ముంచి చూసే పుల్ల) ఉండదు, సీల్డు గేరుబాక్సు, లైఫ్‌టైం ఆయిలు అన్నారు. సీలు వేసిన పెట్టెలోంచి నూనె బయటికెలా వచ్చిందో, ఆ లైఫ్‌టైం నాదో, కారుదో, వారంటీదో అడిగేలోగా కిందంతా వాటర్ వాష్ చేయించి, సాక్ష్యం కడిగిన కూలి నా బిల్లులోనే వేశారు.

ఇంజను ఆయిలు కొంత మండిపోవచ్చు. గేరుబాక్సులో ఆయిలు మండదు, తగ్గిందంటే కారిందనే అర్థం. లోపలి క్లచ్చులను బిగించి పట్టేది ఆ ఆయిలు ప్రెషరే. అది చాలకపోతే క్లచ్చులు జారి కాలిపోతాయి, యాక్సిలరేటరు ఎంత తొక్కినా ఇంజను అరుస్తుంది గానీ బండి లాగదు. ఒంగోలు నుంచి వస్తూ కావలి దాటాక, 16వ నంబరు జాతీయ రహదారి మీద ఒక లారీని దాటబోతూ ఆ అరుపు నేను విన్నాను. వెనక సీట్లో డెబ్బై ఎనిమిదేళ్ల మా అమ్మ ఉంది. వెనక నుంచి బస్సు హారను కొడుతోంది. సిగ్గులేదా మీకు? యాక్సిల్ దగ్గర నూనె కారకుండా ఆపే, అరచేతిలో పట్టే రబ్బరు సీలు ఒక్కటి మార్చడానికి చేతులు రాక, మనిషి ప్రాణాన్ని అబ్జర్వేషన్లో పెడతారా?

ఈలోగా వారంటీ ముగిసింది. ఇప్పుడు గేరుబాక్సు మొత్తం దింపాలట. ఎస్టిమేటు కాగితంలో మొదటి పంక్తి ఇది: "కస్టమరు ఆయిల్ లీకేజీని నిర్లక్ష్యం చేసినందువల్ల." లీకేజీ అనే రాశారు, అక్షరదోషం కూడా లేదు.