మద్దెల ఓడు, బ్యాటరీ పాడు

కంపెనీ ఇచ్చిన సాఫ్ట్‌వేర్ పీకేసి ఫోన్‌లో కస్టమ్ రోమ్ (బయటివాళ్లు తయారుచేసిన ఆండ్రాయిడ్) ఎక్కించుకున్న ప్రతి పౌరుడికీ ఒక ప్రాథమిక హక్కు ఉంది. తెల్లారి ఛార్జింగ్ ఎక్కకపోతే తన చేతులను తప్ప దేన్నయినా అనుమానించే హక్కు అది. ముందు ఛార్జర్‌ని తిట్టాలి. తర్వాత కేబుల్‌ని. కసి తీరకపోతే రోమ్ తయారుచేసినవాణ్ని. రాత్రి ఒక్క ఊపులో రోమ్, కెర్నల్ (హార్డ్‌వేర్‌ని నడిపే మూల ప్రోగ్రాం), మూడు మ్యాజిస్క్ మాడ్యూళ్లు (సిస్టమ్‌ని మార్చే చిన్న చేర్పులు) కలిపి ఎక్కించిన సంగతి ఎవరూ అడగకూడదు, అడిగినా మనకు గుర్తుండకూడదు. ఇంత పవిత్రమైన హక్కుకు ఈమధ్య కొందరు కొలతలు, లాగ్‌లు అంటూ భంగం కలిగిస్తున్నారు. వాళ్ల పద్ధతులు ఎంత ప్రమాదకరమైనవో ప్రజలకు చెప్పక తప్పదు.

వీళ్ల మొదటి కుట్ర కొలవడం. "చాలా స్లోగా ఎక్కుతోందండీ" అని మనం గద్గద స్వరంతో చెప్పుకుంటే కరగరు. ఏడీబీ షెల్‌లో (కంప్యూటర్ నుంచి ఫోన్‌కి ఆజ్ఞలిచ్చే చోటు) డంప్‌సిస్ బ్యాటరీ అనే ఆజ్ఞ కొట్టి చూడమంటారు. రూట్ (ఫోన్ మీద సర్వాధికారం) కూడా అక్కర్లేదు. అందులో స్టేటస్ 2 అంటే ఛార్జ్ అవుతోంది, 3 అంటే ఖర్చవుతోంది, 4 అంటే తీగ పెట్టినా ఎక్కడం లేదు, 5 అంటే నిండింది. టెంపరేచర్ 385 అని కనిపిస్తే కంగారు పడక్కర్లేదట, పదోవంతు డిగ్రీల్లో రాస్తారు కాబట్టి అది 38.5 డిగ్రీలే. రూట్ ఉన్నవాళ్లయితే సిస్ లోపల క్లాస్, దాని కింద పవర్ సప్లై, దాని కింద బ్యాటరీ ఫోల్డర్లో కరెంట్ నౌ అనే ఫైలు తెరవాలట. అంకె సాధారణంగా మైక్రో యాంపియర్లలో ఉంటుంది, 1500000 అంటే 1.5 యాంపియర్లు. ముందు మైనస్ గుర్తు ఉంటే? కొన్ని ఫోన్లలో మైనస్ అంటే ఎక్కుతున్నట్టు, కొన్నింటిలో దిగుతున్నట్టు. డ్రైవర్ (చిప్‌తో మాట్లాడే ప్రోగ్రాం) రాసినవాడి ఇష్టం. తీగ ఒకసారి పీకి చూస్తే గుర్తు మారుతుంది, ఏది ఏమిటో తేలిపోతుంది. ఇంత సులువుగా తేలిపోయేదానికి మనం రాత్రంతా బాధపడటంలో అర్థం ఏముంటుంది చెప్పండి.

పైగా కొలిచేటప్పుడు బ్యాటరీ 20 నుంచి 50 శాతం మధ్య ఉండాలని, స్క్రీన్ ఆపి ఉంచాలని షరతు. లిథియం అయాన్ సెల్ మొదట నిలకడైన కరెంటు తీసుకుని, వోల్టేజి హద్దుకు చేరాక కరెంటును తగ్గించుకుంటూ పోతుంది. 92 శాతం దగ్గర మీటరు పట్టుకుని ఫాస్ట్ ఛార్జింగ్ పోయిందని శోకాలు పెట్టేవాళ్ల భావోద్వేగాలకు ఈ లెక్కలో విలువే లేదు.

రెండో కుట్ర మరీ దారుణం. గోడకున్న ఛార్జర్‌కి పెట్టినా డంప్‌సిస్‌లో ఏసీ పవర్డ్ ఫాల్స్ అని, యూఎస్‌బీ పవర్డ్ ట్రూ అని వస్తే ఫోన్ ఆ ఛార్జర్‌ని కంప్యూటర్ పోర్టు అనుకుంటోందని తేల్చేస్తారు. మామూలు ఛార్జర్‌లో రెండు డేటా తీగలూ కలిపేసి ఉంటాయి. అది చూసి ఫోన్ 1.5 యాంపియర్ల దాకా లాగొచ్చని నిశ్చయించుకుంటుంది. డేటా తీగలు తెగిన కేబుల్ అయినా, ఆ గుర్తింపు డ్రైవర్ చెడిన కెర్నల్ అయినా ఫోన్ 500 మిల్లీయాంపుల దగ్గరే భయంభయంగా ఆగిపోవచ్చు. అంటే 5 వోల్టుల మీద 2.5 వాట్లు. 5000 ఎంఏహెచ్ బ్యాటరీ నిండాలంటే, ఫోన్ ఆపి ఉంచినా ఎనిమిది గంటలు ఎక్కడికీ పోవు. కేబుల్ మార్చగానే అంకె మారితే రోమ్ నిర్దోషి. కేబుల్ మార్చినా మారకపోతే కెర్నల్ మీద నిఘా పెట్టాలి.

ఫాస్ట్ ఛార్జింగ్ విషయంలో మాత్రం మన పక్షాన కొంత న్యాయం ఉందని ఒప్పుకోవాలి. యూఎస్‌బీ పీడీ (పవర్ డెలివరీ) అయితే టైప్-సి లోని సీసీ పిన్‌ల మీద ఛార్జర్‌తో మాట్లాడుకుని 9 వోల్టులో 15 వోల్టులో ఖాయం చేసుకుంటుంది. క్విక్ ఛార్జ్ 3.0 డేటా తీగల మీదే 200 మిల్లీవోల్టుల చొప్పున పెంచుకుంటూ పోతుంది. ఈ రెండూ నలుగురికీ తెలిసిన భాషలు. ఒప్పో వాళ్ల వూక్, సూపర్‌వూక్ లాంటి కంపెనీల సొంత పద్ధతులు అలా కాదు. కంపెనీ డ్రైవర్ కెర్నల్‌లో ఉండాలి, ఫోన్‌లోని చిప్‌కి కావలసిన ఫర్మ్‌వేర్ (చిప్ లోపల నడిచే ప్రోగ్రాం) ఉండాలి, ఛార్జరూ కేబులూ ఆ జాతివే అయి ఉండాలి. రోమ్ చేసినవాడు ఆ డ్రైవర్ కలపకపోతే పెట్టెలో వచ్చిన 65 వాట్ల ఛార్జర్ ముసలి ఛార్జర్‌లా 5 వోల్టులిచ్చి కూర్చుంటుంది. అలాంటప్పుడు ఊరూపేరూ లేని పీడీ ఛార్జరే దానికన్నా వేగంగా ఎక్కించవచ్చు. ఈ అవమానాన్ని భరించలేక కొత్త బ్యాటరీ కొన్నవారు ధన్యులు.

ఫర్మ్‌వేర్ సంగతి ఎత్తితే మన పౌరుడు చెవులు మూసుకుంటాడు. చాలా రోమ్ జిప్‌లలో ఫర్మ్‌వేర్ ఉండదు, ఫలానా వెర్షన్ ముందే ఎక్కించి ఉండాలని సూచనల మొదటి వరుసలో రాసి ఉంటుంది. మొదటి వరుస చదివితే మర్యాద తక్కువ కదా. కొత్త క్వాల్కమ్ చిప్‌లున్న చాలా ఫోన్లలో బ్యాటరీ, టైప్-సి వ్యవహారాలు ఏడీఎస్‌పీ అనే పక్క ప్రాసెసర్ చూసుకుంటుంది. దాని ఫర్మ్‌వేర్ పాతదై అది లేవకపోతే, బ్యాటరీ శాతం ఒకే అంకె దగ్గర, కొన్ని ఫోన్లలో 50 దగ్గర, రాయిలా కదలకుండా నిలబడుతుంది. పాత ఫర్మ్‌వేర్‌కి వెనక్కి వెళ్లాలనుకునేవారు యాంటీ రోల్‌బ్యాక్ (పాత వెర్షన్‌కి పోనివ్వని తాళం) ఉందో లేదో చూసుకోకపోతే ఛార్జింగ్ సమస్య శాశ్వతంగా తీరిపోతుంది, ఎందుకంటే ఫోనే ఉండదు.

ఇక బ్యాటరీ స్టాట్స్ తుడిచే పుణ్యకార్యం. ఫోన్ మరమ్మతు తెర అయిన రికవరీలోకి వెళ్లి ఆ ఫైలు చెరిపితే బ్యాటరీ క్యాలిబ్రేట్ అవుతుందని తరతరాల నమ్మకం. అది ఏ యాప్ ఎంత వాడిందో రాసుకునే చిట్టా మాత్రమేనని, శాతం లెక్కకీ దానికీ సంబంధం లేదని ఆండ్రాయిడ్ ఇంజనీరే 2012లో చెప్పారు. శాతం చూసేది ఫ్యూయల్ గేజ్ చిప్. ఒకసారి పూర్తిగా నింపి, బాగా దిగేదాకా వాడి, మళ్లీ నింపితే అదే సర్దుకుంటుంది. ఇంత చెప్పినా తుడిచేవాళ్లు తుడుస్తూనే ఉన్నారు. భక్తి అలాంటిది.

80 శాతం దగ్గర ఆగిపోయిందని గగ్గోలు పెట్టేవారిలో కొందరు ఛార్జింగ్ హద్దు పెట్టే మాడ్యూల్‌ని స్వహస్తాలతో ఎక్కించుకుని మరిచిపోయినవారే. మాడ్యూళ్లన్నీ ఆపి రీబూట్ చేస్తే చాలు. థర్మల్ (వేడి చూసి ఛార్జింగ్ తగ్గించే కాపలా) ఆపే మాడ్యూల్ వేసి "ఇప్పుడు చూడండి స్పీడు" అనేవారితో మాత్రం హాస్యానికి కూడా ఏకీభవించలేం. 45 డిగ్రీల దరిదాపుల్లో ఛార్జింగ్ తగ్గించేది సెల్ ప్రాణం కోసం. బ్యాటరీ ఉబ్బి వెనక మూత లేచిందంటే ఇక ఏ ఫైలూ తెరవక్కర్లేదు. ఛార్జింగ్ ఆపి బ్యాటరీ మార్పించాలి.

అన్నిటికన్నా పెద్ద ద్రోహం, ఒక్కసారికి ఒక్కటే మార్చమనడం. ముందు మాడ్యూళ్లు ఆపాలట. తర్వాత బయటి కెర్నల్ తీసి రోమ్‌తో వచ్చిన బూట్ ఇమేజ్ (కెర్నల్ ఉండే ఫైలు), డీటీబీవో (హార్డ్‌వేర్ వివరాల ఫైలు) తిరిగి ఫ్లాష్ చేయాలట, అంటే ఎక్కించాలట. ఆ పైన ఫోన్ ఆపేసి ఛార్జింగ్ పెట్టి చూడాలట. ఫోన్ ఆపి ఉన్నప్పుడు కెర్నల్, బ్యాటరీ బొమ్మ చూపే చిన్న ప్రోగ్రాం తప్ప పెద్దగా ఏమీ నడవవు. అప్పుడు వేగంగా ఎక్కితే తప్పు ఆండ్రాయిడ్ వైపుది. అప్పుడూ నీరసమే అయితే కెర్నల్‌దో ఫర్మ్‌వేర్‌దో. కంపెనీ సాఫ్ట్‌వేర్‌కి తిరిగి వెళ్లినా అదే తంతు అయితే పోర్టులో దూది, దుమ్ము ఉన్నాయేమో ఫోన్ ఆపి, సన్నటి పుల్లతో మెల్లగా లాగి చూడాలి. పిన్నీసు పెట్టి కెలికితే సీసీ పిన్ విరిగి, నిజంగానే హార్డ్‌వేర్ సమస్య తయారవుతుంది. పూర్తిగా చచ్చిన బ్యాటరీని ఫాస్ట్‌బూట్ (ఫ్లాష్ చేయడానికి వాడే) తెరమీద ఉంచి ఛార్జ్ చేయాలని చూడకూడదు, చాలా ఫోన్లలో అక్కడ ఎక్కదు. ఆపేసి, మామూలు ఛార్జర్‌కి పెట్టి అరగంట వదిలెయ్యాలి. సెల్ మరీ కిందికి పోతే మొదట చాలా తక్కువ కరెంటే లోపలికి వెళ్తుంది, అంతవరకూ తెర నల్లగానే ఉంటుంది.

ఇవన్నీ చేశాక రోమ్ చేసినవాడు డీమెసేజ్ లాగ్ (కెర్నల్ రాసుకునే చిట్టా) అడుగుతాడు. పోర్టులో ఛార్జర్ ఉంటే కంప్యూటర్ కేబుల్ ఎక్కడ పెడతామని మన పౌరుడు గెలిచినట్టు నవ్వుతాడు. ఆండ్రాయిడ్ 11 నుంచి వైర్‌లెస్ డీబగ్గింగ్ ఫోన్‌లోనే ఉంది. ఛార్జర్ అలాగే ఉంచి, వైఫై మీద ఏడీబీ కలిపి, రూట్‌తో డీమెసేజ్ తీసుకోవచ్చు. ఒకే ఒక్క ఇబ్బంది, ఆ లాగ్ రీబూట్ చేస్తే చెరిగిపోతుంది. పౌరుడు అప్పటికే నాలుగుసార్లు రీబూట్ చేసి, "ఏమీ రాలేదు, మీ రోమే చెత్త" అని రాసి పంపించాడు.