అవును, వ్యసనమే. అయితే ఏంటట?

గంట క్రితం మా ఫ్యామిలీ గ్రూపులో ఒక తాబేలు ఫొటో పెట్టాను. మొన్న స్కూబా డైవింగ్‌లో, అంటే వీపున గాలి సిలిండర్ కట్టుకుని సముద్రంలోకి దిగినప్పుడు తీసింది. 12 మీటర్ల లోతున, నన్ను పూచికపుల్లతో సమానంగా చూస్తూ, తన మానాన తను సముద్రపు గడ్డి మేస్తోంది. రెండు నిమిషాలు కాలేదు, మా తమ్ముడి మెసేజ్. "అక్కా, మళ్ళీ సముద్రమేనా? ఇది హాబీ కాదు, వ్యసనం. ఎవరికైనా చూపించుకో." పిన్ని నవ్వింది, బావ నవ్వాడు. నాన్నయితే వాడి మెసేజ్‌కే బొటనవేలు ఎత్తిన బొమ్మ పెట్టారు. తాబేలు గురించి మాట్లాడిన పాపాన ఒక్కరూ పోలేదు.

అన్నదెవరు? బాత్రూంలోకి కూడా ఫోన్ పట్టుకెళ్ళే మహానుభావుడు!

సరే, వ్యసనమే. ఎందుకో చెప్తా వినండి. నీళ్ళలోకి దిగగానే ముందు ఆగిపోయేవి మాటలు. నోట్లో రెగ్యులేటర్ (సిలిండర్ నుంచి గాలి అందించే పరికరం) ఉంటుంది కదా, ప్రమోషన్ ఏమైంది, ఆ ఫైల్ పంపావా అని ఎవరూ అడగలేరు. సైగలతో అడిగేది ఎంతసేపూ గాలి ఎంత ఉంది, బాగానే ఉన్నావా, అంతే. బాగానే ఉన్నావా అని మాటిమాటికీ అడిగి, జవాబు వచ్చేదాకా కళ్ళలోకి చూస్తూ ఆగే మనుషులు నాకు అక్కడే దొరికారు. పైన అడిగేవాళ్ళు జవాబు వినకుండానే వెళ్ళిపోతారు.

గాలి అంటే గుర్తొచ్చింది. దయచేసి మా వీపున ఉండేదాన్ని ఆక్సిజన్ సిలిండర్ అనకండి. ఎన్నిసార్లు చెప్పాలి! అందులో మామూలుగా ఉండేది మనం పీల్చే గాలే, ఒత్తిడితో నింపి ఉంటుంది. స్వచ్ఛమైన ఆక్సిజన్ పీలుస్తూ ఆరేడు మీటర్లు దాటి దిగితే మూర్ఛ వచ్చి ప్రాణమే పోవచ్చు. మా బావకి నాలుగుసార్లు చెప్పాను. ఐదోసారి కూడా "ఆక్సిజన్ అయిపోతే ఎలా?" అన్నాడు.

ఏం చెప్తున్నాను? ఆఁ, ఊపిరి. పీలిస్తే ఒళ్ళు మెల్లగా పైకి తేలుతుంది, వదిలితే కిందికి జారుతుంది. లిఫ్టు మన ఛాతీలోనే ఉన్నట్టు. ఊపిరి బిగపట్టకూడదన్నది మొదటి రోజే చెప్పే రూలు, ఎందుకంటే బిగపట్టి పైకొస్తే లోపలి గాలి ఉబ్బి ఊపిరితిత్తులు చిట్లిపోవచ్చు. ఆఫీసు మీటింగుల్లో నేను రోజూ చేసేది ఆ బిగపట్టడమే. ఇక రంగులు! కాస్త దిగేసరికి ఎరుపు మాయం. లోతులో వేలు తెగితే రక్తం ఆకుపచ్చగా కనిపిస్తుంది. టార్చ్ వేశామా, అంతవరకు బూడిద రంగులో ఉన్న రాయి ఒక్కసారిగా కుంకుమలా మెరుస్తుంది. దీన్ని ఒకసారి చూసి, ఇక చాలు అనుకుని ఇంటికెళ్ళి టీవీ చూసుకునే మనుషులుంటారా?

నిజంగా మత్తే కావాలంటే అదీ ఉందండోయ్. 30 మీటర్ల లోతు దగ్గర, పీల్చే గాలిలోని నైట్రోజన్ తలకెక్కుతుంది, కొంచెం పైకొస్తే దిగిపోతుంది. నా సర్టిఫికెట్ 18 మీటర్ల వరకే. కాబట్టి తమ్ముడూ, ఆ కిక్కు నాకింకా తెలీదు.

అయినా నా మంట ఇది కాదు. వాడికి పదేళ్ళప్పుడు ఈత నేర్పించారు. నాకప్పుడు పన్నెండు. "ఆడపిల్లకి ఎందుకులే" అన్నారు. రెండు వేసవులు గట్టు మీద కూర్చుని వాడి తువ్వాలు పట్టుకున్నాను. మునిగి లేచినప్పుడల్లా "అక్కా, చూశావా?" అనేవాడు. చూశానురా. అన్నీ చూశాను. ముప్పై నాలుగో ఏట, నా జీతంతో, ఆరేళ్ళ పిల్లల వరసలో నిలబడి, ముక్కులోకి నీళ్ళెక్కి దగ్గుతూ నేర్చుకున్నాను. ఒక పిల్లాడు "ఆంటీ, భయపడకండి" అని ధైర్యం కూడా చెప్పాడు. ఇంత చిన్నప్పుడే ఈత వచ్చిన మా వాడు ఇప్పుడు సముద్రానికెళ్తే చేసేదేమిటి? ప్యాంటు మడిచి, మోకాళ్ళదాకా దిగి, సెల్ఫీ దిగి వచ్చేయడం.

నాన్న పెట్టిన బొటనవేలు ఇంకా అక్కడే ఉంది. నీళ్ళ కింద ఆ సైగకి శభాష్ అని అర్థం కాదు. "ఇక చాలు, పైకి పద" అని. ఆయనకది తెలీదు పాపం. కానీ నీళ్ళ దగ్గర ఆయన నాకు ఎప్పుడూ చెప్పింది అదొక్కటే.

వచ్చే నెలకి టికెట్లు ఇప్పుడే బుక్ చేశాను. గ్రూపులో చెప్పలేదు.