బడిలో స్పీచ్ థెరపీ: డిగ్రీ తప్పనిసరి, తెలుగూ తప్పనిసరి

‘మా స్కూల్లో స్పీచ్ థెరపీ కూడా ఉంది’ అని చెప్పే ప్రైవేటు బడులు నగరాల్లో కనిపిస్తున్నాయి. ఆ థెరపీ చేసేవాళ్లు ఏం చదివారని తల్లిదండ్రులు తప్పకుండా అడగాలి. చట్టం ఈ విషయంలో స్పష్టంగా ఉంది.

రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా చట్టం 1992లో వచ్చింది. కౌన్సిల్ కేంద్ర రిజిస్టర్‌లో పేరు లేనివాళ్లు ఆడియాలజిస్టుగా (వినికిడి నిపుణులుగా), స్పీచ్ థెరపిస్టుగా ప్రాక్టీసు చేయకూడదు. చేస్తే ఏడాది దాకా జైలు, లేదా రూ.1,000 దాకా జరిమానా, లేదా రెండూ. ఇంటర్ సైన్స్ తర్వాత వినికిడి, మాట చికిత్సల డిగ్రీ అయిన నాలుగేళ్ల బీఏఎస్ఎల్‌పీ చదవాలి. అందులో చివరి ఏడాది ఇంటర్న్‌షిప్. ఎమ్మెస్సీలో ఆడియాలజీ, స్పీచ్ వేర్వేరు కోర్సులు. బీఈడీ స్పెషల్ ఎడ్యుకేషన్ చేసిన టీచరు పాఠం చెప్పడంలో నిపుణులు. మాటలోపాన్ని నిర్ధారించడం వేరే చదువు. బడుల్లో ఈ రెండు పనులూ ఒక్కరి నెత్తిన పెడుతున్నప్పుడు టీచరూ నలుగుతారు, పిల్లలూ నష్టపోతారు.

డిగ్రీ ఉంటే చాలా అంటే, బడికి చాలదనే నా అభిప్రాయం. మన పిల్లల్లో చాలామంది మామూలు మాటల్లో ‘ధనం’ను ‘దనం’ అంటారు, ‘భయం’ను ‘బయం’ అంటారు. పెద్దలూ అంతే. తెలుగు వాడుక తెలియని థెరపిస్టు దీన్ని ఉచ్చారణ దోషమని రాసేయొచ్చు. అదే ‘పాలు’, ‘పలు’ మధ్య తేడా పలకలేని పిల్లాడి అసలు ఇబ్బంది వాళ్ల చెవికి అందకపోవచ్చు. ఇంట్లో గోండి, లంబాడీ మాట్లాడే ఒకటో తరగతి పిల్ల తెలుగులో తడబడితే అది లోపం కాదు, కొత్త భాష. అందుకే పరీక్ష ఇంటి భాషలోనూ జరగాలి.

వినికిడి సంగతి ఇంకా సున్నితం. చెవిలో నీరు చేరిన పిల్లలకు ఒకరోజు బాగానే వినిపిస్తుంది, మరోరోజు వినిపించదు. టీచరు దాన్ని పరధ్యానం అనుకుంటారు. వినికిడి మెషిన్ పెట్టుకున్న పిల్లలకైతే ఎదిగేకొద్దీ ఇయర్ మౌల్డ్ (చెవిలో అమర్చే అచ్చు) వదులై కూత పెడుతుంది. తోటిపిల్లలు నవ్వుతారని మెషిన్ తీసి జేబులో వేసుకుంటారు. క్లినిక్ గదిలో కూర్చున్న ఆడియాలజిస్టుకు ఇవేవీ కనిపించవు. ఫ్యాన్ల హోరులో, యాభై మంది మధ్య ఆ మెషిన్ ఎంత పనిచేస్తోందో క్లాసులో కూర్చుంటేనే తెలుస్తుంది.

నిపుణులు దొరకడం లేదు కాబట్టి టీచర్లకే పది రోజుల సర్టిఫికెట్ ఇచ్చి సరిపెడదామనే వాదన ఉంది. అనుమానం ఉన్న పిల్లలను గుర్తించి పంపడానికి ఆ శిక్షణ మేలే, చికిత్సకు మాత్రం కాదు. 2021లో రజనీశ్ కుమార్ పాండే కేసులో సుప్రీంకోర్టు ప్రత్యేక టీచర్లకు నిష్పత్తి చెప్పింది: ప్రాథమిక స్థాయిలో ప్రత్యేక అవసరాలున్న పది మంది పిల్లలకు ఒకరు, ఆపైన పదిహేను మందికి ఒకరు. స్పీచ్ థెరపిస్టులకూ, ఆడియాలజిస్టులకూ అలాంటి లెక్క కట్టాలి.

రెండు తెలుగు రాష్ట్రాలూ ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే భవిత కేంద్రాల్లో ఈ పోస్టులను రెగ్యులర్‌గా మంజూరు చేయాలి. నోటిఫికేషన్‌లో కౌన్సిల్ రిజిస్ట్రేషన్‌తోపాటు తెలుగు, ఏజెన్సీలో అయితే స్థానిక భాష తెలిసి ఉండాలని రాయాలి. ఇంటర్న్‌షిప్‌లో కొన్ని నెలలు ప్రభుత్వ బడులకు కేటాయిస్తే, ఆ పోస్టుల్లో చేరేనాటికి వాళ్లకు క్లాసు గది కొత్తగా అనిపించదు.